తాగుడు మానడానికి బోధన్ వెళ్ళాను

యాత్రలు చేసినవాళ్ళు కాశీ గురించి రాస్తారు, బదరీ గురించి రాస్తారు. నేను బోధన్ గురించి రాస్తున్నాను. అక్కడికి దేవుణ్ణి చూడడానికి వెళ్ళలేదు, తాగుడు మానడానికి వెళ్ళాను. ఈ మాట విని మొహం తిప్పుకునేవాళ్ళు ఇక్కడే పేజీ తిప్పేసుకోవచ్చు. నాకేం అభ్యంతరం లేదు.

నాది రాజమండ్రి. అచ్చాఫీసులో కంపోజిటర్ని. పద్దెనిమిదేళ్ళుగా సీసం అక్షరాలు ఏరి వరసలు పేరుస్తున్నాను. మా వైపు మద్యనిషేధం ఉంది కదా, తాగుడెక్కడిది అని అడగకండి. మందుల షాపులో సారా కలిసిన జింజర్ మందు దొరుకుతుంది, గోదావరి లంకల్లో నాటుసారా దొరుకుతుంది. రెండూ తాగాను. చివరి రెండేళ్ళూ అన్నం కన్నా అవే ఎక్కువ. పొద్దున్నే చుక్క పడకపోతే చెయ్యి వణికి, ఒక గడిలో వెయ్యాల్సిన అక్షరం పక్క గడిలో పడేది.

మాన్పించడానికి మావాళ్ళు చెయ్యని పని లేదు. మూడు గుళ్ళలో ఒట్టు వేయించారు. మూడూ తప్పాను. తాయెత్తు కట్టించారు. చివరికి మా ఆవిడ అనసూయ ఎవరో ఇచ్చిన పొడి నాకు తెలియకుండా పప్పులో కలిపింది. రెండు రోజులు ఒకటే వాంతులు. మూడోనాడు తనే నిజం చెప్పి ఏడ్చింది. నేను కోప్పడలేదు. కానీ ఆ తర్వాత ఆమె వడ్డించిన ప్రతి ముద్దా వాసన చూసి తినేవాణ్ణి. ఆమె అది చూస్తూ నిలబడేది. అది భరించలేకే బయల్దేరాను. నన్నెవరూ ఈడ్చుకుపోలేదు. నా కాళ్ళతో నేను వెళ్ళాను.

బోధన్ దాటాక, చందూర్ దగ్గర, కాలవ కింద మా కోస్తా రైతులు వెళ్ళి కట్టుకున్న ఊళ్ళున్నాయి. వాటిని అక్కడ క్యాంపులంటారు. అలాంటి క్యాంపులో స్థిరపడిన మా వీధి వెంకటరత్నం ఉత్తరం రాశాడు. పక్క ఊళ్ళో రాజవ్వ అనే ఆవిడ ఉందట. పసుపూ వరీ పండిస్తుందట. తాగేవాళ్ళని ఇంట్లో పెట్టుకుని, తిండి పెట్టి నిలబెడుతుందట. "మంత్రం లేదు, తాయెత్తు లేదు. తిండి, నిద్ర, పొలం పని, మధ్యలో బోధన్ డాక్టరు. నమ్మితే రా. వచ్చే రోజు ముందుగా రాస్తే ఆవిడే బోధన్ వచ్చి తీసుకెళ్తుంది" అని రాశాడు.

అచ్చాఫీసులో అందరూ నవ్వారు. మా దగ్గర చాటుగా దొరికేది అక్కడ బోర్డు కట్టి అమ్ముతారు మరి. "కల్లు దుకాణాలున్న ఊరికి తాగుడు మానడానికి వెళ్ళే మనిషివి నువ్వొక్కడివే" అన్నాడు ప్రూఫులు దిద్దే మిత్రుడు.

"ఒక్కణ్ణే వెళ్తాను" అన్నాను.

నిజామాబాద్ బజారు

రైలు దిగి మొదట ఏం చేశానో దాచను. కల్లు దుకాణానికి వెళ్ళాను.

మా వైపు తాగడమంటే సందు చివర, తలుపు వెనక, ఊపిరి బిగబట్టి గొంతులో పోసుకోవడం. ఇక్కడ పట్టపగలు బల్లల మీద కూర్చుని, పిల్లల చదువుల గురించీ పసుపు ధర గురించీ మాట్లాడుకుంటూ తాగుతున్నారు. నాకది చేతకాలేదు. అలవాటు కొద్దీ సీసా పట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన కాసేపు చూసి, "ఏం తమ్మీ, గోడతోని ముచ్చట పెడుతున్నవా?" అన్నాడు. బల్లంతా నవ్వింది.

బయటికొచ్చి బజారులో పడ్డాను. ఇళ్ళ గుమ్మాల్లో ఆడవాళ్ళు ఒళ్ళో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మాట ఆగదు, చెయ్యీ ఆగదు. వాళ్ళ వేళ్ళ వేగం చూసి నా వేళ్ళు జేబులో దాచుకున్నాను. ఒక హోటల్లో పన్నెండు పైసలకి ఇరానీ చాయ్ ఇచ్చారు. మా కాఫీ కన్నా చిక్కన, తీపి రెండింతలు. జొన్నరొట్టె, ఎర్రకారం కూడా పెట్టారు. రొట్టె వేడిగా, కమ్మగా ఉంది. రెండు తుంపులు తిని పళ్ళెం పక్కకి నెట్టేశాను. అప్పటికి నా కడుపుకి తిండంటే పరాయి వస్తువైపోయింది.

మూలికలమ్మే దుకాణం ముందు ఆగాను. రాజవ్వ సంగతి ఎలా ఉంటుందో తెలియదు. చేతిలో ఇంకొకటి ఉంటే మంచిదనిపించింది.

"తాగుడు మాన్పించే పొడి ఉందా?" అన్నాను.

"ఉన్నది సాబ్. కూరల కలపాలె. తాగెటోనికి ఎరుక కావద్దు, గదే పథ్యం" అన్నాడు దుకాణదారు. "ఎవ్వలికి? తమ్మునికా, అల్లునికా?"

"నాకే."

ఆయన పొట్లం కట్టే చెయ్యి ఆగిపోయింది. "నీకు ఎరుక కాకుండ నువ్వెట్ల కలుపుకుంటవయ్యా?"

నేనూ నవ్వాను, ఆయనా నవ్వాడు. పొట్లం విప్పేసి పొడి డబ్బాలో పోసుకున్నాడు. "పో, ఇంటికి పోయి మంచిగ తిను" అన్నాడు. నాకు దొరకబోయే మందేమిటో ఆయనకి తెలియకుండానే చెప్పేశాడు.

బోధన్, మడ్డి వాసన

బోధన్ కంటికన్నా ముందు ముక్కుకి తెలుస్తుంది. చెరకు ఆడే రోజులు. ఫ్యాక్టరీ వైపు చెరకు బండ్లు మైలు పొడవున బారులు తీరి ఉన్నాయి. గాలిలో మడ్డి వాసన. పంచదార తీసేశాక మిగిలే నల్లటి పాకం అది. సారా కాచేది దానితోనే. వేరేవాళ్ళకి అది తియ్యటి వాసన. నాకు పొట్టలోంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుంది. తాగుడు మాననివ్వకూడదని ఊరంతా కక్ష కట్టిందేమో అనుకున్నాను. రోషం వచ్చింది. రానీ, ఈ వాసనలోనే మానుతాను అని పైకే అన్నాను. పక్కనున్న ఎద్దు తల తిప్పి చూసింది.

బస్సులు ఆగే చోట పల్లీలమ్మే మరాఠీ ఆవిడ "కాయ్ పాహిజే?" అంది. "కాయ వద్దు, పల్లీలు కావాలి" అన్నాను. ఆమె మళ్ళీ అదే అంది, నేనూ అదే అన్నాను. మూడోసారికి పక్క దుకాణం వాడు "ఏం గావాలె అని అడుగుతుంది సాబ్" అని చెప్పాడు.

చాయ్ తాగుతుంటే అరవై ఏళ్ళావిడ ఎదురుగా వచ్చి నిలబడింది. పొట్టిగా, గట్టిగా ఉంది. అరచేతులు పసుపుపచ్చగా ఉన్నాయి.

"రాజమండ్రి సంది వచ్చింది నువ్వే కదా బిడ్డా?"

"అవును. ఎలా గుర్తుపట్టారు?"

"తాగెటోడు చాయ్ గిలాస రెండు చేతుల్తోని పడతడు" అంది. తర్వాత నన్నిదివరకు ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "ఎప్పుడు తిన్నవ్?"

అందరూ ఎంత తాగుతావని అడిగేవాళ్ళు. ఎప్పుడు తిన్నావని అడిగింది ఈమె ఒక్కతే. లెక్కపెట్టుకుంటే నాకే సరిగా గుర్తు రాలేదు.

ఇంటికి కాదు, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు నడివయసు మనిషి. నా కళ్ళు లాగి చూసి, పొట్ట నొక్కి, చేతులు చాపమన్నాడు. విటమిను సూది గుచ్చి, మాత్రలు రాసిచ్చాడు. "ఏకదమ్ బంద్ చేస్తే ఒక్కోసారి ఫిట్స్ వస్తయ్. మనిషి పోతడు గూడ. తడబాటైతే ఆలస్యం చెయ్యకుండ తోలుకొని రా రాజవ్వా" అన్నాడు.

"మరి ఆవిడ తిండితో నయమవుతుందంటారా?" అని అడిగాను.

"నీ ఒంట్ల ఏం మిగల్లేదు. ఖాళీ ఇల్లది. గామె తిండి పెట్టకుంటే నా సూది గోడకు గుచ్చినట్టే. నా సూది లేకుంటే గామె తిండి ఒంటబట్టేదాకా నువ్వు ఉండవు. సమఝైందా?" అన్నాడు.

అర్థమైంది. తాయెత్తు కట్టినవాళ్ళెవరూ నాకింత వివరంగా చెప్పలేదు.

రాజవ్వ ఇల్లు

చెరకు దింపి ఖాళీగా తిరిగిపోయే బండి మీద ఊరు చేరాం. పెంకుటిల్లు, మట్టి వాకిలి, ఒక పక్క పసుపు కొమ్ములు ఉడకబెట్టే పెద్ద కడాయి. నాకు వసారాలో మంచం వేసింది.

ఆమె వైద్యమంతా రెండు గంటలకోసారి తినిపించడం. పొద్దున్నే జొన్న గటక. జొన్నరవ్వ చిక్కగా ఉడికించి మజ్జిగ పోసింది. తర్వాత ఉడికించిన గుడ్డు. తర్వాత నానబెట్టిన పెసలు. మధ్యాహ్నం అన్నం, మునగాకు పప్పు, రెండు రోజులకోసారి మేక కారిజం వేపుడు. సాయంత్రం నువ్వులూ బెల్లమూ దంచిన ముద్ద. మా చిలగడదుంపని అక్కడ మోరంగడ్డ అంటారు. అది కుంపట్లో కాల్చి ఇచ్చేది. ఉసిరికాయ ఎప్పుడూ బుగ్గన ఉండాల్సిందే. పరగడుపున చాయ్ మాత్రం ఇవ్వదు. మా ఇంట్లో రెండు పూటలా పళ్ళెం నిండా అన్నం, అంతే. ఇక్కడ ఒకేసారి ఎక్కువ పెట్టరు, కడుపుని ఖాళీగానూ ఉంచరు.

"పొట్ట ఉత్తగుంటే సారా యాదికొస్తది. నిండుగుంటే పిలిచినా ఇననట్టు ఉండొచ్చు" అనేది.

మొదటి రోజు అలవాటుగా, "అవ్వా, ఒట్టేసి చెబుతున్నాను, ఇక ముట్టను" అన్నాను.

"నీ ఒట్లు నీ సంచిల పెట్టుకో. నా ఇంట్ల అవి నడవయ్. గటక సల్లారుతుంది, తిను."

మూడో రోజు

ఈ భాగం రాజవ్వ చెబితే తెలిసింది. నాకు గుర్తున్నది ఒక్కటే, గోడ మీద చీమలు నా పేరు కంపోజు చేస్తున్నాయి. మూడో అక్షరం దగ్గర తప్పు చేశాయని నేను కోప్పడుతున్నాను. అంతే.

పొద్దెక్కాక నేను మంచం మీంచి పడి కొట్టుకున్నానట. వాకిలి నిండా జనం చేరారు. ఒకరు చేతిలో తాళంచెవి పెట్టమన్నారట, ఒకరు ఉల్లిపాయ చూపించమన్నారట. రాజవ్వ వాళ్ళందర్నీ వెనక్కి నెట్టి, నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టింది. ఊరి పెద్దమనిషి ఒకాయన, "ఎక్కడోడో ఏమో, సస్తే నీ మీదికొస్తది రాజవ్వా. ఆ క్యాంపోళ్ళ కాడికి తోలియ్యి" అన్నాడట.

"తోలియ్య. నా ఇంట్ల పడ్డోడు నా ఇంట్లనే లేస్తడు. నీకు చాతనైతే బండి కట్టు, లేకుంటే తొవ్వ ఇడువు" అందట.

ఆయనే బండి కట్టాడట. బోధన్‌లో డాక్టరు దగ్గర రెండు రోజులున్నాను. కళ్ళు తెరిచేసరికి పక్కన స్టూలు మీద రాజవ్వ, ఒళ్ళో గిన్నె.

"లేచినవా? నోరు తెరువు" అంది.

ఆ మధ్యాహ్నమే ఆమె తన భర్త సంగతి చెప్పింది. మంచి రైతట. ఊళ్ళో పసుపు కొమ్ము చేత్తో పట్టుకుని నాణ్యం చెప్పగలిగింది ఆయనొక్కడేనట. సారాలో పడ్డాడు. చివరి రెండేళ్ళు సరిగా అన్నం తినలేదు.

"అందరు సారా సంపింది అన్నరు. నేను గట్లనే అనుకున్న. ఎన్ని తిట్లు తిట్టిన్నో, ఎన్నిసార్లు తలుపేసి బయట ఉంచిన్నో. అన్నం పెట్టకుంటె బుద్ధొస్తదని పెట్టకపోయిన బిడ్డా. ఆయన పొయ్యినంక డాక్టరు సాబ్ చెప్పిండు, ఒంట్ల ఏం లేకుంటనే పోయిండని." గరిటెతో గిన్నె అంచు గీసింది. "గప్పటి సంది తాగినోనికి నేను తలుపు ఎయ్యను. ఎవ్వలేమన్న అననీ."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకి రాలేదు. ఇంకో ముద్ద పెట్టింది.

రోడ్డు మీద

రెండో వారంలో పని మొదలైంది. పసుపు కడాయి కింద మంట ఎగదొయ్యడం, ఉడికిన కొమ్ములు ఎండలో పరచడం. ఒళ్ళంతా పసుపు. అద్దంలో పెళ్ళికొడుకులా ఉన్నాను. రాత్రి పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాలేదు. అలాంటి నిద్ర ఎన్నాళ్ళకో.

అప్పుడే, అంతా బాగుందనుకున్న రోజున, ఉన్నట్టుండి తాగాలనిపించింది. ఎవరూ ఏమీ అనలేదు, దుఃఖమేమీ లేదు. ఎండ బాగుంది, గాలి బాగుంది, తాగాలి. అంతే. ఊళ్ళో కల్లు దుకాణంలో అందరూ నన్నెరుగుదురు. సంచి తీసుకుని బోధన్ బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేశాను. రాజవ్వ చూసింది. ఆపలేదు. నువ్వుల ముద్దలు నాలుగు గుడ్డలో మూటకట్టి సంచిలో పడేసింది.

బస్సు రాలేదు. గంటైంది, రెండు గంటలైంది. ఆకలేసింది. ఒక ముద్ద తిన్నాను. ఇంకోటి తిన్నాను. నాలుగూ అయిపోయాక చూసుకుంటే ఇందాకటి పిలుపు లేదు. పూర్తిగా పోలేదు, కాకపోతే దూరంగా ఎక్కడో ఉంది. లేచి వెనక్కి నడిచాను.

రాజమండ్రి తిరిగొచ్చాక అందరూ ఏ దేవుడు మాన్పించాడని అడుగుతున్నారు. ఏ దేవుడూ కాదయ్యా. బస్సు రాలేదు, నువ్వుల ముద్దలున్నాయి. పెసలు, గుడ్డు, కారిజం, డాక్టరు సూది, ఒక ముసలావిడ మొండితనం. ఇది చెబితే వాళ్ళకి నచ్చడం లేదు. మహిమ కావాలి వాళ్ళకి. నా దగ్గర వంట పద్ధతి మాత్రమే ఉంది. అనసూయకి అదే చెప్పాను. ఆమె రాసుకుంది. ఇప్పుడు ఇద్దరం కలిసి వండుకుంటున్నాం. పూర్తిగా మానేశావా అంటే, ఇవాళ తాగలేదు అంటాను. అంతకన్నా పెద్ద మాట నాచేత ఎవరూ అనిపించలేరు.

తాళ్ళతో వచ్చినవాడు

నేను బయల్దేరాల్సిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను.

రాజవ్వ పొలానికి వెళ్ళింది. నేను సంచి సర్దుకుని, ఆమె వచ్చాక చెప్పి వెళ్దామని కూర్చున్నాను. వాకిట్లో లారీ ఆగింది. నవీపేట్ నుంచి పోశెట్టి అనే రైతు తన తమ్ముడు గంగారాంని తెచ్చాడు. గంగారాంకి ముప్పై ఐదేళ్ళుంటాయి. చేతులు వెనక్కి విరిచి మోకుతో కట్టారు. మణికట్ల దగ్గర తోలు లేచిపోయింది. దింపి స్తంభానికి ఆనించి కూర్చోబెట్టారు. లారీ వెళ్ళిపోయింది.

గిన్నెలో గటక తెచ్చి అతని నోటి దగ్గర పెట్టాను. పళ్ళు బిగించి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, అనసూయ వడ్డిస్తుంటే నాదీ అదే. గిన్నె కింద పెట్టి ముడి విప్పడం మొదలుపెట్టాను.

"ఇప్పకు! ఉరుకుతడు!" అని పోశెట్టి అరిచాడు. "నాలుగొద్దుల సంది ఎతికి పట్టుకొచ్చిన!"

"కట్టేసి పెట్టేది తిండి కాదు పోశెట్టన్నా" అన్నాను. "విప్పుతాను."

విప్పాను. గంగారాం లేచాడు, నన్ను ఒక్క తోపు తోశాడు, గోడ దూకి ఊళ్ళోకి పరుగెత్తాడు.

పోశెట్టి నా చొక్కా పట్టుకున్నాడు. "ఏ బాయిలనో పడితే ఎట్లరా? వాని పెండ్లాం పిల్లలకు ఏం చెప్పాలె? నువ్వెవడివి ఇప్పెతందుకు?" ఇద్దరం వెతకడానికి పోయాం. కల్లు దుకాణంలో అడిగితే వచ్చాడు, తాగాడు, పోయాడు అన్నారు. కాలవ గట్టు చూశాం. ప్రతి బావిలోకీ తొంగి చూశాను. దూరంగా నా బస్సు పోతోంది. చూసి ఊరుకున్నాను.

తిరిగొచ్చేసరికి రాజవ్వ వాకిట్లో ఉంది. జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"ఇప్పింది మంచిదే" అంది. "జర ఆగి, నేను వచ్చినంక ఇప్పితే ఇంక మంచిగుండు." గటక మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

పొద్దు వాలుతుండగా గంగారాం వచ్చాడు. ఊగుతున్నాడు. ఒక కాలికే చెప్పుంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ పట్టుకురాలేదు. వాకిలి దాటి వచ్చి అదే స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు. పోశెట్టి మోకు అందుకుని లేచాడు. నేను అడ్డం నిలబడ్డాను. మొదట నన్ను కట్టమన్నాను.

గంగారాం తలెత్తి నా వైపు చూశాడు. "నన్నెందుకు ఇప్పినవ్?" అన్నాడు.

"నీ చేతుల్తో నువ్వు తింటావని."

తల వంచుకుని తన మణికట్లు చూసుకున్నాడు.

"ఏమున్నది?" అన్నాడు.

"గటక. మజ్జిగ పోసింది."

"పెట్టు."

పోశెట్టి మోకు కింద పడేశాడు. గోలెంలో చెంబు ముంచి, తమ్ముడి ముందు గొంతుక్కూర్చుని, చేతుల మీద నీళ్ళు పోశాడు.